ట్యాంకు కింద ఎవరు పడుకోవాలి?



సమ్మా ఆజీవం, అంటే న్యాయమైన బతుకుతెరువు గురించి మన ఆదివారం తరగతుల్లో చెప్పుకునేటప్పుడు నాకెప్పుడూ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని అంగుత్తర నికాయంలో ఉంది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. (మాంసం మీద మనవాళ్ళలో ఉన్న చర్చ పెద్దది, దాన్ని ఇంకో పుస్తకానికి వదిలేద్దాం.) ఈ ఐదూ చదవగానే కూర్చున్నవాళ్ళ ముఖాల్లో ఒక తృప్తి కనిపిస్తుంది. మనమేమీ తుపాకులు అమ్మడం లేదు. సారా కొట్టు పెట్టలేదు. విషం కాయడం లేదు. స్కూలు టీచర్లం, బ్యాంకు గుమాస్తాలం, ఆటో డ్రైవర్లం, కూలీలం, కుట్టుపని చేసే అక్కలం. ఇంకేం, అష్టాంగ మార్గంలో ఈ ఒక్క మెట్టు ఎక్కేసినట్టే!

అంత తేలికని నేననుకోను. మనం చేసే పని మంచిదే కావచ్చు. ఆ పని జరగడానికి ఎక్కడో ఒకచోట ప్రమాదం ఉంటుంది. ఆ ప్రమాదాన్ని మనం ఎవరి మీదకు తోస్తున్నాం? మనకు తెలియకుండానే, మనసులో ఏ చెడు తలంపూ లేకుండానే తోస్తే అది తప్పు అవుతుందా, కాదా? ఈ ప్రశ్నను గాలిలో చర్చిస్తే మాటలే మిగులుతాయి. కాబట్టి ఒక పాత జీపు డీజిల్ ట్యాంకును పట్టుకుని చర్చిస్తాను.

మా ధమ్మ ప్రచార కమిటీకి ఒక జీపు ఉంది. మహీంద్రా సీజే మోడలు, డీజిల్ బండి. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో తయారైన విల్లీస్ జీపు సంతతి ఇది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా వాళ్ళు ఆ బండ్లను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆటో ఆగిపోయే రాళ్ళ దారిలో, వాగు దాటి గూడేలకు వెళ్ళే దారిలో మా బండి మైకు సెట్టునూ పుస్తకాల పెట్టెలనూ ఆరుగురు మనుషులనూ మోసుకుపోతుంది. దాని ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. సుమారు 40 లీటర్ల ఇనప డబ్బా, నేల రేకులో చేసిన ఒక గుంటలో కూర్చుని ఉంటుంది. డ్రైవరు ఆ చమురు మీద కూర్చునే బండి నడుపుతాడు.

ఆ గుంటే ట్యాంకుకు శత్రువు. వానాకాలం నీళ్ళూ బురదా అందులో చేరి ఆరవు. ట్యాంకు అడుగు బయటినుంచి తుప్పు పడుతుంది. లోపలినుంచి కూడా పడుతుంది. ఎందుకంటే ట్యాంకు సగం ఖాళీగా ఉన్నప్పుడు లోపలి గాలిలోని తేమ రాత్రి చలికి నీటిబొట్లవుతుంది, నీళ్ళు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు దిగి అక్కడే ఉంటాయి. తుప్పు పొడి ఫిల్టరులోకి పోయి బండి ఎత్తు మీద ఆగిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఒక రోజు సీటు కింద చెమ్మ, కాళ్ళకు డీజిల్ వాసన. మా బండికి ఈ వరస మొత్తం జరిగింది.

కమిటీలో మాట్లాడుకున్నాం. ఒకాయన, మంచి మనిషి, వెంటనే అన్నాడు: "మా వీధి చివర వెల్డింగ్ షాపుంది. డీజిల్ పారబోసి ఇచ్చేస్తే అక్కడి కుర్రోడు అరగంటలో మాటు వేసేస్తాడు. దీనికి మీటింగెందుకు?"

కమిటీలో ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరయిన బాబాయ్ ఒకరున్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఖాళీ ట్యాంకు కదా అని తేలిగ్గా అనుకోకు నాయనా. నిండుదాని కన్నా ఖాళీదే చెడ్డది" అన్నారు.

ఈ మాట చాలామందికి వింతగా ఉంటుంది. కానీ నిజం. మండేది చమురు కాదు, చమురు ఆవిరి గాలితో కలిసిన మిశ్రమం. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర వంతుల దాకా కలిసి ఉంటే చిన్న రవ్వకే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీ ట్యాంకులో గాలి ఉంది, గోడలకు అంటిన చమురు ఉంది, అతుకుల్లో ఇరుక్కున్న మడ్డి ఉంది. డీజిల్ మామూలు వేడికి పెద్దగా ఆవిరి కాదు, అందుకే "డీజిల్ ట్యాంకు పేలదులే" అని మనవాళ్ళకు ఒక ధీమా. గ్యాసు వెల్డింగ్ మంట పెట్టి రేకును ఎర్రగా కాలిస్తే ఆ మిగిలిన డీజిలే ఆవిరవుతుంది. మూసి ఉన్న డబ్బా. ఇంక చెప్పేదేముంది. నీళ్ళతో రెండుసార్లు కడిగితే చాలనుకోవడం కూడా ధీమానే, ఎందుకంటే అతుకుల్లోది నీళ్ళకు రాదు.

బాబాయ్ ఇదంతా చెప్పాక మొదటాయన అన్న మాట నేను రాసుకున్నాను. "అలాగని మనమెవరం పేల్చెయ్యమని చెప్పడం లేదుగా. వాడి పని వాడికి తెలుసు."

బంధువులారా, ఈ చిన్న పుస్తకం రాయాలనిపించింది ఆ మాట వల్లే. "వాడి పని వాడికి తెలుసు." ఆ మాటన్నవాడు దుర్మార్గుడు కాదు. పంచశీల రోజూ చెప్పుకునే మనిషి. ఆ కుర్రాడికి హాని జరగాలని కలలో కూడా అనుకోడు. ధమ్మం ప్రకారం కర్మకు మూలం చేతన, అంటే మనసులోని సంకల్పం. మరి చెడు సంకల్పం లేనిచోట దోషం ఎక్కడిది? ఇది తేలిగ్గా తోసెయ్యాల్సిన ప్రశ్న కాదు. నిజంగానే, తెలియక చీమను తొక్కినవాడికీ కావాలని తొక్కినవాడికీ ధమ్మం తేడా చూస్తుంది.

అయితే ఇక్కడ జరిగింది తెలియకపోవడం కాదు. తెలుసుకోకుండా ఉండడానికి ఒప్పుకోవడం. బాబాయ్ చెప్పేదాకా తెలియదు, సరే. చెప్పాక కూడా "వాడి పని వాడికి తెలుసు" అంటే, ఇకమీద ఇది నేను చూడను అని నిర్ణయించుకున్నట్టు. ఆ నిర్ణయం చేతన కాక మరేమిటి? చూడకూడదనుకోవడం కూడా ఒక సంకల్పమే.

కులం గురించి మనకు ఇది తెలియని సంగతి కాదు. మన తాతల్ని చచ్చిన గొడ్డును లాగమని పంపినవాళ్ళందరూ పళ్ళు కొరుకుతూ పంపారా? లేదు. చాలామంది నవ్వుతూనే పంపారు. పండక్కి పాత పంచె కూడా ఇచ్చారు. "వాళ్ళ పని వాళ్ళకు తెలుసు" అనే అన్నారు. కులం పనిని మాత్రమే పంచలేదని, పని చేసేవాళ్ళనే మెట్లుమెట్లుగా విడగొట్టిందని బాబాసాహెబ్ వివరించారు. నేను దానికి ఒక చిన్న మాట కలుపుతాను. ఆ మెట్ల మీదనుంచి కిందికి దిగేది మురికి ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. పై మెట్టువాడు తన ఒళ్ళు కాలకుండా కింది మెట్టువాడికి అందిస్తాడు, వాడు ఇంకా కిందివాడికి. చివరి మెట్టు మీద ఉన్నవాడికి అందించడానికి ఎవరూ ఉండరు. వాడి ఒంట్లోనే అది ఆగుతుంది.

ఇప్పుడు మనలో కొందరం ఒకటి రెండు మెట్లు ఎక్కాం. మంచిదే, దానికోసమే కదా పోరాటం. కానీ ఎక్కిన మెట్టు మీదనుంచి మనం కూడా కిందికి అందించడం మొదలుపెడితే, దీక్ష తీసుకుని వదిలేశామన్నది ఏమిటి? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాదిమంది వదిలింది దేవుళ్ళ పటాలు మాత్రమేనా?

ఆ కుర్రాడి సంగతి కొంచెం చెప్పాలి. మీసం ఇంకా సరిగా రాలేదు. నేను తిరిగిన ఊళ్ళలో ఇలాంటి షాపుల్లో చేసే పిల్లలు ఎక్కువగా మన వాడల వాళ్ళు, ముస్లిం బస్తీల వాళ్ళు, వలస వచ్చిన కుటుంబాల వాళ్ళు. వాళ్ళ కళ్ళకు నల్ల అద్దాలుండవు, ఉన్నా ఒకే జత, అది ఓనరుది. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు (ఇంటివాళ్ళకు సాయం చేయడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప), 14 నుంచి 18 మధ్యవాళ్ళను గనుల్లో, మండే పదార్థాల పనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. చట్టం అలా ఉంది. షాపు ఇలా ఉంది.

దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తంలో పని చేయించుకునేవాడి బాధ్యతలు ఐదు చెప్పబడ్డాయి. వాటిలో మొట్టమొదటిది కూలి ఇవ్వడం కాదు. పనిచేసేవాడి శక్తిని బట్టి పని అప్పగించడం. కూలీ తిండీ రెండోది, జబ్బు చేస్తే చూసుకోవడం మూడోది, ఆ తర్వాత మంచి తినుబండారం దొరికితే పంచుకోవడం, వేళకు వదిలిపెట్టడం. యజమానీ సేవకుల ధర్మాలకు బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - అతని ధమ్మం' గ్రంథంలో కూడా చోటిచ్చారు. వరసను గమనించండి. ఈ పని ఈ మనిషి చేయగలడా, చేయవచ్చా అని ముందు అడగాలి. డబ్బు లెక్క తర్వాత. మనం మాత్రం ఎంత తీసుకుంటాడు అనే దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తాం.

ఈ సుత్తం యజమానికి చెప్పింది, మనం యజమానులం కాదు, కస్టమర్లం కదా అనొచ్చు. కుర్రాడి ముందు నిలబడి ట్యాంకు చేతికిచ్చి "అర్జెంటు బాబూ" అన్న ఆ అరగంట మనం యజమానులమే.

కమిటీ చివరికి మాటు వేయించకూడదనీ, కొత్త ట్యాంకు కొనాలనీ, దాన్ని బాబాయ్ చూస్తుండగా ఇంటి దగ్గరే మార్చుకోవాలనీ తీర్మానించింది. కింద పడుకోవడానికి నేను ఒప్పుకున్నాను. "బీఏ చదివినోడివి, నీకు పానా పట్టుకోవడం వచ్చా?" అని ఒక అక్క నవ్వింది. రాదు. బాబాయ్‌కి వచ్చు.

మజ్ఝిమ నికాయంలో అంబలట్ఠిక రాహులోవాద సుత్తం ఉంది. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన బోధ. అశోకుడు తన బైరాట్ శాసనంలో భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినాలని పేర్కొన్న కొద్ది బోధల్లో రాహులుడికి చేసిన బోధ కూడా ఒకటి. అద్దం ఎందుకు రాహులా అని అడిగి, చూసుకోవడానికి అని జవాబు రాగానే, పనిని కూడా అలాగే చూసుకోవాలంటాడు తథాగతుడు. చేయబోయే ముందు చూడాలి, చేస్తుండగా చూడాలి, చేశాక చూడాలి. ఇది నాకు హాని చేస్తుందా, ఇతరులకు చేస్తుందా, ఇద్దరికీ చేస్తుందా అని. అక్కడ అడుగుతున్నది నీ ఉద్దేశం మంచిదేనా అని మాత్రమే కాదు. ఈ పని ఎక్కడికి దారితీస్తుంది అని. అందుకే చేతన లేదు కాబట్టి దోషం లేదనే వాదనకు ఈ సుత్తం ఎదురు నిలుస్తుంది. రాహులుడు చిన్నపిల్లవాడు. పిల్లవాడు కూడా చేయగలిగిన పరీక్ష ఇది.

ముందు చూడాల్సినవి బాబాయ్ వేళ్ళమీద చెప్పారు. బండిని ఎండా గాలీ ఉన్న చదునైన జాగాలో పెట్టాలి. గుంట మీద పెట్టకూడదు, పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగింతలు బరువు, గుంటలోకి దిగి అక్కడే ఉంటుంది. డీజిల్ బండైనా అలవాటు ఒకటే ఉండాలంటారు ఆయన. చక్రాలకు దుంగలు అడ్డం పెట్టాలి. బ్యాటరీకి మైనస్ వైరు ముందు తీయాలి. ఇటుకల మీద బండి నిలబెట్టి కింద దూరకూడదు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. పక్కింటి పొయ్యి ఆరేదాకా ఆగాలి. మంటలార్పే పొడి సిలిండరు ఒకటి అరువు తెచ్చుకోవాలి. డీజిల్‌ను నోటితో పైపు పెట్టి పీల్చకూడదు. ఇది మన ఊళ్ళలో అందరూ చేసేదే, కానీ ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే.

ఇవన్నీ నేను రాసుకుంటుంటే నాకు తోచింది ఏమిటంటే, ఇది అప్పమాదం. పాళీలో అప్పమాదమంటే ఏమరుపాటు లేకపోవడం. తథాగతుడు మహాపరినిబ్బానానికి ముందు శిష్యులకు చెప్పిన చివరి మాట కూడా ఏమరకుండా సాధించమనే. ధ్యానంలో కూర్చున్నప్పుడు ఊపిరిని గమనించడం ఒక్కటే అప్పమాదం అనుకుంటే సగమే అర్థమైనట్టు. మైనస్ వైరు తీశావా అని అడగడం మిగతా సగం.

పని మొదలయ్యాక చూడడం కష్టం. డ్రెయిన్ బోల్టు కిందనుంచి తిప్పి ఉన్న డీజిల్‌ను డబ్బాలోకి దించాం. సీటు ఊడదీసి, గేజి వైరు, ఇంజనుకు పోయే పైపు, ఇంజను నుంచి తిరిగొచ్చే పైపు, గాలి పైపు ఒక్కొక్కటీ విప్పి గుర్తుకు రంగు గుడ్డలు కట్టాం. తర్వాత ట్యాంకును పట్టి ఉంచే పట్టీ బోల్టు ఒకటి తిరగలేదు. ఏళ్ళ తుప్పు. మధ్యాహ్నం మూడయింది. సాయంత్రం ఆరింటికి గూడెంలో ధమ్మ సభ ఉంది, అక్కడివాళ్ళు వంటలు కూడా మొదలుపెట్టారు. సాయం చేస్తున్న తమ్ముడొకడు కోత గ్రైండరు తీసుకొస్తానన్నాడు. నిమిషంలో తెగుతుంది. నిమిషం పాటు నిప్పురవ్వలు, అది కూడా డీజిల్ కారిన గుంట పక్కన.

ఇక్కడే ఇంకో పాత వాదన వచ్చింది. "ధమ్మం పని కోసమే కదన్నా, ఏం కాదులే." మంచి ఉద్దేశం ప్రమాదాన్ని తగ్గిస్తుందన్నట్టు! యజ్ఞం కోసం చంపితే హింస కాదన్నవాళ్ళ తర్కానికీ దీనికీ దూరం ఎంతో లేదు. ఆ తర్కాన్ని తిరస్కరించే కదా బుద్ధుడు నిలబడ్డాడు. చేస్తుండగా హాని కనిపిస్తే ఆ పని అక్కడే ఆపెయ్యమని రాహులుడికి చెప్పాడు, సగంలో ఉన్నా సరే. ఆపాం. బోల్టుకు నూనె పట్టించి వదిలేశాం. సభకు బస్సెక్కి, చివరి మూడు కిలోమీటర్లు నడిచి వెళ్ళాం. మైకు సెట్టు లేదు. గట్టిగా మాట్లాడాం. మర్నాడు చేతి రంపంతో గంటన్నర కోసి బోల్టు తెంపాం.

మిగతా పని తొందరగానే అయింది. గుంటలో బురద తీసి, మూసుకుపోయిన నీటి కన్నం తెరిచి, రంగు వేసి, అడుగున రబ్బరు పరిచి కొత్త ట్యాంకు దించాం. గేజి ఫ్లోటుకు కొత్త వాషరు వేశాం. డీజిల్ పోసి, ఫిల్టరు దగ్గర బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా ఎయిర్ తీశాం. బండి మూడో సెల్ఫుకు అందుకుంది.

చేశాక చూడడం అనేది అందరూ మర్చిపోయే భాగం. పాత ట్యాంకు అడుగున రెండు లీటర్ల మడ్డి మిగిలింది. తుప్పు, నీళ్ళు, డీజిల్ కలిసిన నల్లటి ద్రవం. పక్కనే మురుక్కాలువ. అందరి కళ్ళూ అటే వెళ్ళాయి. ఆ కాలువ ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. మెయిన్ రోడ్డు కింద మ్యాన్‌హోల్‌లో కలుస్తుంది. అది మూసుకుపోతే ఎవరిని పిలుస్తారో కూడా తెలుసు, వాళ్ళు మా బంధువులే. మనుషుల చేత మలం ఎత్తించడాన్నీ, రక్షణ పరికరాలు లేకుండా మురుగు గుంటల్లోకి దించడాన్నీ నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. 1993 తర్వాత అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఆ తీర్పులు సఫాయి కార్మికులు పోరాడి తెచ్చుకున్నవి. ఇంకా మనుషులు దిగుతూనే ఉన్నారు. గాలి ఆడని ఆ గుంటలో అసలే విషవాయువులు. వాటికి మన వంతుగా చమురు ఆవిరి కలపాలా? మనం వెల్డింగ్ కుర్రాడి దగ్గర ఆపిన ప్రమాదం కాలువ దారిన వెళ్ళి ఇంకా కింది మెట్టు మనిషిని చేరితే ఏం ఆపినట్టు?

మడ్డిని మూత ఉన్న డబ్బాలో పోసి పేరు రాసి పెట్టాం. పాత ట్యాంకుకు అన్ని వైపులా పెద్ద కన్నాలు పడేలా చేతి ఉలితో, లోపల నీళ్ళు నింపి పొడిచాం. లేకపోతే పాత ఇనుము కొట్టులో దాన్ని గ్యాసుతో కోసేది మరో కుర్రాడు.

దీనిమీద మా వాళ్ళలోనే రెండు అభ్యంతరాలు వచ్చాయి. రెండూ గట్టివే.

ఒకటి, ఒక పెద్దాయన కోపంగా అన్నది. "మురికి పనులు మానెయ్యండని బాబాసాహెబ్ చెబితే మానేసి, పిల్లల్ని చదివించుకున్నాం. మళ్ళీ మడ్డిలో చేతులు పెట్టడం గొప్పని పిల్లలకు చెబుతావా?" ఆయన కోపానికి చరిత్ర ఉంది. 1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువుల మాంసం తినడం, దాస్యపు పనులు మానమని చెప్పిన మాట నిజం. అయితే ఆయన తిరస్కరించింది పుట్టుకను బట్టి నెత్తిన పెట్టిన పనిని, దానితో వచ్చే అవమానాన్ని. చేతిపనిని కాదు. కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న రోజుల్లో, 1943 డిసెంబరులో ధన్‌బాద్ వైపు బొగ్గు గనులు చూడడానికి వెళ్ళి ఆయన స్వయంగా గనిలోకి దిగారు. మన అమరావతి మహాచైత్యానికి పూర్ణకుంభం చెక్కిన రాతిపలక దానం చేసినవాళ్ళలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. తన వృత్తిని దాచుకోకుండా, కుటుంబంతో సహా రాతిమీద పేరు రాయించుకున్నాడు. రాజుల పేర్లతో సమానంగా ఆ పేరూ నిలిచింది. అంచేత పెద్దాయనకు నేను చెప్పింది ఇంతే: ఎవరైనా దిగవచ్చు అన్నచోట దిగడం వేరు, నువ్వే దిగాలి అన్నచోట దిగడం వేరు. విరేచనాలతో తన మురికిలోనే పడి ఉన్న భిక్షువును తథాగతుడు ఆనందుడితో కలిసి తన చేతులతో కడిగిన ఘట్టం వినయపిటకంలో ఉంది. ఆ పని ఎవరిది అని అక్కడ ఆయన అడగలేదు. పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేను పట్టుబట్టలేదు కూడా, ఆయన వీపు మోసిన బరువు నా వీపు మోయలేదు.

రెండోది ఇంకా చిక్కైనది. ప్రతి పనీ మనమే చేసుకుంటే ఆ షాపు ఎలా బతుకుతుంది? ఆ కుర్రాడి కూలి పోయింది కదా. నిజమే. అందరూ అన్ని పనులూ ఇంట్లో చేసుకోవాలని నేననను. బాబాయ్ లాంటి మనిషి లేకపోతే మేమూ ఈ పనికి దిగకూడదు. రాని పని ధైర్యంగా చేయడం కూడా ఏమరుపాటే. కాబట్టి బయటికి ఇవ్వాల్సిన పని బయటికే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఇది ఎవరు చేస్తారు, ఏ రక్షణతో చేస్తారు, మిగిలిన చెత్త ఎక్కడికి పోతుంది అని మూడూ అడగాలి. జవాబు కోసం ఖర్చు కొంచెం ఎక్కువైతే ఆ ఎక్కువను మనం భరించాలి. దానం గురించి మనం చాలా మాట్లాడతాం. ఈ ఎక్కువ ఖర్చు దానం కాదు, సిగాలోవాద సుత్తం లెక్కలో అది బాకీ.

తర్వాత నేనూ బాబాయ్ ఆ వెల్డింగ్ షాపుకు వెళ్ళి కూర్చున్నాం. ఓనరు మనవాడే, వరసకు అన్న అవుతాడు. టీ తెప్పించాడు. మేం చెప్పింది విన్నాడు. ట్యాంకులు మాటు వేయడం తనకూ భయమేనన్నాడు. "నేను వద్దంటే పక్క షాపోడు వేస్తాడు తమ్ముడూ. వాడి దగ్గర ఉన్నోడు ఇంకా చిన్నోడు" అన్నాడు. ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా సిద్ధంగా జవాబు లేదు. బజారులో ఉన్న నాలుగు షాపులవాళ్ళనూ ఒకచోట కూర్చోబెడితే ట్యాంకు పని ఎవరూ పట్టుకోకూడదని ఒక మాట అనుకోవచ్చేమోనని బాబాయ్ అన్నారు. ఇద్దరు వస్తామన్నారు, ఒకరు చూద్దామన్నారు, ఒకరు ఇంకా మాట్లాడలేదు. నల్ల అద్దాలు మాత్రం రెండు జతలు కొనిచ్చాం, ఒకటి కుర్రాడి పేరు రాసి. వాడు సాయంత్రం ఏడు దాటాక మా విహారంలో పదో తరగతి ప్రైవేటుకు వస్తున్నాడు. వారంలో మూడు రోజులు వస్తాడు, మిగతా రోజులు షాపు మూసేసరికి తొమ్మిదవుతుంది. వేళకు వదిలిపెట్టడమనే ఐదో బాధ్యత గురించి ఓనరు అన్నతో ఇంకా మాట్లాడాల్సి ఉంది.